అమానత్ లెక్క – ఆడిటర్‌కు బీమా
(వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగం)





ఏటా ఈ వేదిక మీద స్కాలర్‌షిప్పుల లెక్క, వితంతు పింఛన్ల లెక్క చెబుతుంటాం. ఈసారి ఆ లెక్కలు తనిఖీ చేసేవారి గురించి నాలుగు మాటలు చెప్పదలిచాం.

2022-23 నుంచి ధార్మిక సంస్థల ఆడిట్ ఫారాల నిబంధన మారింది. అప్పుడు ఆదాయం 5 కోట్ల రూపాయలు దాటితే ఫారం 10బీ వేయాల్సి ఉండేది. విదేశీ విరాళం కొంచెం అందినా అదే వేయాల్సి ఉండేది. మనలాంటి చిన్న సంస్థలకు మామూలుగా 10బీబీ సరిపోయేది. కానీ ఆ ఏడాది మన ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాలో కొద్ది మొత్తం జమయింది. ఆడిటర్ గారు గమనించక 10బీబీ వేశారు. మేమూ చూసుకోకుండా ఆమోదించాం. తప్పు ఫారం వల్ల పన్ను మినహాయింపే పోవచ్చు. ఎన్నో సంస్థలది ఇదే పొరపాటు కావడంతో ప్రత్యక్ష పన్నుల బోర్డు 2024 మార్చి 5న సర్క్యులర్ ఇచ్చి, ఆ నెలాఖరులోగా సరిదిద్దుకోనిచ్చింది. అల్‌హమ్దులిల్లాహ్, గట్టెక్కాం.

ఆ వెసులుబాటు రాకపోతే? పన్ను కట్టాల్సింది మీరిచ్చిన సొమ్ములోంచే. అది ఒక బిడ్డ కాలేజీ ఫీజు, ఒక తల్లి మందుల ఖర్చు.

ఇలాంటి నష్టానికే ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ బీమా ఉంది. లెక్కల నిపుణుడి పొరపాటు వల్ల మనకు నష్టం కలిగి పరిహారం అడిగితే, పాలసీ పరిమితి మేరకు బీమా సంస్థ చెల్లిస్తుంది. కావాలని చేసిన మోసానికి వర్తించదు.

ఇంగ్లాండ్, వేల్స్ చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ తన సభ్యుల ఫర్ములకు దీన్ని తప్పనిసరి చేసింది. 2024 సెప్టెంబర్ 1 నుంచి కనీస పరిమితిని 15 లక్షల పౌండ్ల నుంచి 20 లక్షలకు పెంచింది. ఏడాది ఫీజులు 8 లక్షల పౌండ్లలోపు ఉన్న ఫర్మ్ వాటికి రెండున్నర రెట్లు బీమా చేయాలి. అదీ 2.5 లక్షలకు తగ్గకూడదు. ఇంతకుముందు ఈ కనీసం లక్షే. అంటే 60 వేల పౌండ్లు సంపాదించే చిన్న ఆఫీసుకు నిన్నటిదాకా 1.5 లక్షల బీమా చాలేది. ఇప్పుడు 2.5 లక్షలు కావాలి. చిన్న ఆఫీసు పొరపాటు చిన్నదే కావాలని లేదు కదా!

మన దగ్గర సీఏ ఆఫీసులకు ఇది మామూలుగా స్వచ్ఛందమే. కాబట్టి అడగాల్సింది మనమే. ఏళ్ల తరబడి ఫీజు తీసుకోకుండా సేవ చేసిన పెద్దమనిషిని ‘పాలసీ ఉందా?’ అని ఎలా అడగడమని చాలా మొహమాటపడ్డాం. చివరికి అడిగాం. ఆయన నొచ్చుకోలేదు. ‘ముందే అడగాల్సింది’ అన్నారు.

ఇకపై ఆడిటర్‌కు తగిన ఫీజు ఇస్తాం. పని ఒప్పందం రాతపూర్వకంగా ఉంటుంది. ఏటా పాలసీ నకలు తీసుకుంటాం. పొరపాటు జరిగిన నాడు కాదు, పరిహారం అడిగిన నాడు పాలసీ అమల్లో ఉండాలి. అందుకే ఒక్క ఏడాదీ వదలం. ఫారం పంపేముందు ఇద్దరు సభ్యులు చదువుతారు. ఈ ఖర్చు జకాత్ నిధిని ముట్టుకోకుండా సాధారణ విరాళాల నుంచే పెడతాం.

ఖర్చుల పట్టికలో ఈ కొత్త పద్దు చూసి అనుమానపడకండి, ప్రశ్నించండి. మీ అమానత్‌కు జవాబుదారులం మేమే. బీమా ఉన్నంత మాత్రాన ఆ బాధ్యత మా మీది నుంచి తొలగిపోదు.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.