తిరువయ్యారు స్తంభాలు: దోపిడీకి సాక్ష్యం ఏది?



సారు పేరున పెట్టిన ఉపన్యాసానికి నన్ను పిలవడం నాకు గౌరవం. ఆయన పాండిత్యం గురించి ముందు మాట్లాడినవాళ్లు చెప్పేశారు. నాకు గుర్తుండేది ఆయన శనక్కాయలు ఒలుస్తూ వాదించే తీరు. మాట తనకు ఎదురు తిరుగుతోందని తోస్తే "ముందు కాయలు తినప్పా" అనేవారు. ఈనాటి విషయంలో ఆయన చివరిదాకా నాతో ఏకీభవించలేదు. మీలో ఆయన పక్షం వాళ్లుంటే తరవాత లేచి అడగండి.

నొళంబుల చరిత్ర మీకు కొత్త కాదు. నొళంబవాడి ముప్పైరెండు వేలు, హెంజేరు అనే మన హేమావతి, పల్లవ సంతతి అని చెప్పుకున్న రాజులు, దొడ్డేశ్వరాలయం, లింగానికి బదులు మనిషి రూపంలో కూర్చున్న సిద్ధేశ్వరుడు, అన్నీ విన్నవే. డగ్లస్ బారెట్ 1958లో హేమావతి మీద పుస్తకమే వేశాడు. వాటిని దాటిపోదాం.

నా తగాదా తిరువయ్యారు దగ్గర. అక్కడి దక్షిణ కైలాసం రాజేంద్ర చోళుడి రాణి పంచవన్ మహాదేవి కట్టించిన గుడి. దానిలో నొళంబ శైలి స్తంభాలున్నాయి. చతురస్రపు దిమ్మెల మీద సన్నని చెక్కడం, పైన తరిమెన పట్టినట్టు నున్నని మెడ. శివరామమూర్తిగారు 1955లో రాజుల దండయాత్రలు, కళల వలసల మీద రాసిన పుస్తకం ఈ స్తంభాలను యుద్ధపు కొల్లగా లెక్కగట్టింది. ఆనాటి నుంచి మన జిల్లాలో మైకు పట్టిన ప్రతివాడికీ "రాజేంద్రుడు ఎత్తుకుపోయాడు" అన్నది పల్లవి అయింది. సారుకు కూడా.

కొల్ల అనడానికి ఆధారం ఎలా ఉంటుందో తంజావూరు ప్యాలెస్ మ్యూజియంలోనే చూడవచ్చు. దారాసురంలో దొరికిన ద్వారపాలకుడు అక్కడున్నాడు. కల్యాణపురాన్ని కాల్చి విజయరాజేంద్రుడు తెచ్చిన విగ్రహమిదని పీఠం మీద తమిళంలో చెక్కి ఉంది. విజయరాజేంద్రుడంటే రాజాధిరాజే. ఇటలీకి పోయినా అంతే. రెండువేల విగ్రహాల కోసమే రోమన్లు ఎట్రుస్కన్ల వోల్సీని మీద పడ్డారని మెట్రోడోరస్ నిందించినట్టు ప్లినీ రాశాడు. నింద ఎలా ఉన్నా, క్రీ.పూ. 264లో ఆ ఊరు పట్టిన ఫుల్వియస్ ఫ్లాకస్ పేరు, పట్టణం పేరు రెండూ రోమ్‌లో దొరికిన రాతిపీఠం మీద ఉన్నాయి. గెలిచినవాడు దాచుకోడు, చాటుకుంటాడు. తిరువయ్యారు స్తంభాల కొల్ల కథకు అలాంటి శాసనం ఎవరూ చూపలేదు. శైలి చూపించి దొంగను పట్టుకున్నామంటే ఎలా?

కాలం లెక్క కూడా కుదరదు. నుళంబపాడిని, అంటే నొళంబవాడిని, గెలిచానన్నది తండ్రి రాజరాజు ప్రశస్తిలోనే ఉంది. అంతకుముందే గంగ మారసింహుడు "నొళంబకులాంతక" బిరుదు పెట్టుకున్నాడు, ఆయన 974లో రాజ్యం వదిలాడు. పోషకులు కూలినప్పుడు శిల్పులు మూటాముల్లె సర్దుకుని పని ఉన్నచోటికి పోరా? కరువు సీమవాళ్లం, వలస సంగతి మనకు ఒకరు చెప్పాలా?

"శిల్పులే పోయారంటే, మరి ఆ రాయి ఎక్కడిది?" అని సారు అడిగేవారు. మంచి ప్రశ్న, దానికి సమాధానం ఇంకా రాలేదు. కావేరి డెల్టాలో బండ లేదు, అక్కడి ప్రతి గుడికీ రాయి బయటినుంచి రావలసిందే. హేమావతి నుంచి తిరువయ్యారుకు గీత గీసినా నాలుగొందల కిలోమీటర్ల పైమాట. రాయి ఇక్కడిదని తేలినా అది కొల్లో, కొనుగోలో, కానుకో వేరే తేలాలి. రాయి ఇక్కడిది కాదని తేలితే కొల్ల కథ అక్కడితో సరి. గుళ్లో స్తంభాన్ని గీరనివ్వరు, గీరకూడదు కూడా. ముక్క తీయకుండా రాతిలోని మూలకాలు చెప్పే ఎక్స్-రే యంత్రం చేతిలో పట్టేంతది ఉంది. మన విశ్వవిద్యాలయం పూనుకుంటే రెండుచోట్లా కొలిచి పోల్చవచ్చు.

పోల్చాలంటే ముందు మన రాళ్ల పట్టిక ఉండాలి. వెయ్యేళ్ల కిందటి రాజేంద్రుడి మీద కోపం తెచ్చుకుంటాం గానీ, మద్రాసు మ్యూజియంలోని హేమావతి శిల్పాల్లో ఏది ఏ గుడిది, ఏ చేనుది అని అడగం. 1953లో రాష్ట్రం విడిపోయింది, బొమ్మలు అక్కడే ఉండిపోయాయి. వాటిని 1964లో వివరించినవారు కూడా శివరామమూర్తిగారే. నేనిప్పుడు చేస్తున్న పని ఆ పట్టికే, అక్కడివీ ఇక్కడివీ కలిపి. మడకశిర, అమరాపురం వైపు మీ చేను గట్టునో, చెరువు కట్టనో చెక్కిన రాయి కనబడితే కదిలించకండి. పసుపు పూసి మొక్కుతున్నా ఫరవాలేదు. ఫోటో తీసి, ఎత్తు, వెడల్పు, ఎటు తిరిగి ఉందో రాయండి. ఫారాలు బయట బల్ల మీద పెట్టించాను.