గాలిలోని మసి యెచ్చటిది?

చలికాలమున దక్షిణాసియాపై గ్రమ్ముకొను ధూమము పట్టణముల బొగ్గుపొగయా, పల్లెల పొయ్యిపొగయా యని చాలకాలము వాదము జరిగినది. దానిని తేల్చుటకై శాస్త్రజ్ఞులు పుణె దగ్గరి సింహగఢముపైనను, మాల్దీవులలోను గాలిని వడపోసి, చిక్కిన మసిలోని కర్బనమును పరీక్షించిరి. వారి యుక్తి నాకు మిక్కిలి నచ్చినది. చెట్టు బ్రతికియున్నంతకాలము గాలినుండి కర్బనము-14 అను నొక భేదమును గ్రహించును. చచ్చిన పిమ్మట నది 5730 ఏండ్లకు సగమగును. నేలబొగ్గు కోట్ల యేండ్లనాటిది గనుక దానిలో నది మిగులదు. నిన్న కొట్టిన కట్టెలోనో, నిండుగా నుండును. 2009లో వెలువడిన ఫలితము ప్రకారము, కర్బనరేణువులలో సుమారు మూడింట రెండుపాళ్లు కట్టెలు, పిడకలు, పంటదుబ్బులు మొదలగువానిని కాల్చుటవలన కలిగినవే. ఆ పొగను మొదట పీల్చువారు పొయ్యి యెదుట కూర్చుండు మన యాడువారు. పొగగొట్టము పెట్టించినచో వారికి తెరిపి కలుగును గాని, మసి యూరిపైననే తిరుగును.