బీరువా వచ్చింది, తాళంచెవి రాలేదు
(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరైన తరువాత కొత్తగా తెలుసుకున్న విషయం ఒకటి చెప్పమని కార్యదర్శిగారి ఆజ్ఞ. చక్కెర వ్యాధి గురించి నాకు ముందు మాట్లాడినవారు చెప్పేశారు. డి.ఏ. బకాయిల గురించి చెప్పాలంటే నాకిచ్చిన పది నిమిషాలు చాలవు. అందుచేత కంప్యూటరు గురించి చెబుతాను. నవ్వకండి. ప్రోగ్రాము రాసేది నేను కాదు, మా అమ్మాయి.

పోయిన సంక్రాంతికి అమ్మాయి బెంగుళూరు నుంచి అర్ధవీడు వచ్చింది. వచ్చిందన్న మాటేగాని ల్యాప్‌టాప్ ముందు నుంచి లేవలేదు. వాళ్లమ్మ అరిసెలు పెట్టిన పళ్లెం అలాగే ఉంది. ఏమమ్మా అని అడిగితే, "నాన్నా, మా ప్రోగ్రాము వారానికి ఒకటి రెండుసార్లు రాత్రిపూట కదలకుండా ఆగిపోతోంది. నేను చేసిన మార్పు తరువాతే మొదలైందని నన్ను వివరణ అడిగారు" అంది. మన భాషలో మెమో అన్నమాట. మెమో అందుకున్న వాడి ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు గనుక పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ఆమె చెప్పినది నాకు అర్థమైనంతలో ఇది. నడుస్తున్న ప్రోగ్రామును ప్రాసెస్ అంటారు. అది ఒక ఆఫీసు అనుకోండి. అందులో ఏకకాలంలో పనిచేసే గుమాస్తాలను థ్రెడ్లు అంటారు. రిజిస్టర్లు అందరికీ ఉమ్మడి. ఇద్దరు ఒకేసారి ఒక రిజిస్టరులో రాస్తే పాడవుతుంది కాబట్టి, రాసేవాడు తాళం వేసుకుని రాస్తాడు, పని కాగానే తీస్తాడు. వాళ్లు లాక్ అంటారు.

ఈ ప్రాసెస్ ఇంకో ప్రోగ్రామును మొదలుపెట్టాలంటే, యూనిక్స్, లినక్స్ పద్ధతిలో ముందు ఫోర్క్ అని పిలుస్తుంది. వెంటనే ఆ ఆఫీసుకు అచ్చంగా ఒక నకలు తయారవుతుంది. దానిని పిల్ల ప్రాసెస్ అంటారు. తరువాత ఎగ్జెక్ అని పిలిస్తే ఆ నకలులోని సామానంతా పోయి కొత్త ప్రోగ్రాము వచ్చి కూర్చుంటుంది. చిక్కంతా ఈ రెంటికీ మధ్య. నకలులో రిజిస్టర్లు, బీరువాలు అన్నీ వస్తాయి. వేసిన తాళాలు వేసినట్టే వస్తాయి. గుమాస్తాల్లో మాత్రం ఫోర్క్ పిలిచిన ఒక్కడే వస్తాడు. మిగతావారి కుర్చీలుంటాయి, మనుషులుండరు.

ఆ మాట వినగానే నాకు 1985 గుర్తుకొచ్చింది. ఆ ఏడు తాలూకాలు రద్దయి మండలాలు వచ్చాయి. మన అర్ధవీడు మండలమైనదీ అప్పుడే. (1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి మన ప్రాంతం కర్నూలు నుంచి విడిపోయినప్పుడు నేనింకా ఉద్యోగంలో చేరలేదు, ఆ కష్టాలు నాకు ముందువారికే తెలుసు.) నన్ను ఒక కొత్త ఆఫీసుకు వేశారు. పేరు చెప్పను. చార్జి లిస్టు ప్రకారం బీరువా వచ్చింది, లోపల రిజిస్టర్లున్నాయి, తాళం వేసి ఉంది. తాళంచెవి పాత ఆఫీసులో ఉండిపోయిన సహోద్యోగి జేబులో ఉంది. ఒక రైతు పంట రుణానికి అడంగలు నకలు కావాలని వచ్చి మూడు రోజులు వేపచెట్టు కింద కూర్చున్నాడు. ఆలస్యానికి మెమో వచ్చింది నాకు. నాలుగో రోజున నేనే బస్సెక్కి వెళ్లి తాళంచెవి తెచ్చాను.

అమ్మాయితో ఈ సంగతి చెబితే, "మాకు ఆ బస్సు కూడా లేదు నాన్నా" అంది. పాత ఆఫీసులో ఆయన తన తాళం తీసుకుంటాడు, కాని నకలులోని తాళం వేరు. దాన్ని తీయవలసిన మనిషి నకలులో లేనే లేడు. కాచుకున్నవాడు అలా కాచుకునే ఉంటాడు.

ఆమె చేసిన పొరపాటు చాలా చిన్నది. ఫోర్క్ తరువాత, ఎగ్జెక్‌కు ముందు, "పని మొదలైంది" అని లాగ్ పుస్తకంలో ఒక్క వాక్యం రాయించింది. సరిగ్గా ఫోర్క్ జరిగిన క్షణాన ఇంకో థ్రెడ్ అదే పుస్తకానికి తాళం వేసి ఉంటే పిల్ల ప్రాసెస్ అక్కడే నిలిచిపోతుంది. పరీక్షించినప్పుడు ఆ క్షణం తగల్లేదు, రాత్రి రద్దీలో తగిలింది. ఆగిపోయినదాన్ని ఈసారి చంపకుండా డీబగ్గరు తగిలించి చూసింది. లోపల ఒకే ఒక్క థ్రెడ్, తాళం దగ్గర నిలబడి ఉంది.

నిబంధన ఏమిటంటే, థ్రెడ్లు ఎక్కువున్న ప్రోగ్రాము ఫోర్క్ చేస్తే, ఎగ్జెక్ దాకా పిల్ల ప్రాసెస్ ముట్టుకోదగిన పనుల జాబితా ఒకటి పోసిక్స్ ప్రమాణంలో ఉంది. అది చిన్నది. ప్రింట్‌ఎఫ్ అందులో లేదు, మాలాక్ అని మెమరీ అడగటం కూడా లేదు. ఇదేం వింత అన్నాను. ఫోర్క్ యూనిక్స్ తొలినాళ్లదట, పోసిక్స్ థ్రెడ్ల ప్రమాణం వచ్చింది 1995లో. అంటే ఆఫీసుకు ఒక్కడే గుమాస్తా ఉన్న రోజుల్లో రాసిన నియమం.

ఫోర్క్‌కు ముందు తాళాలన్నీ తానే తీసుకుని తరువాత రెండుచోట్లా వదిలే ఏర్పాటు కూడా ఉంది, దాని పేరు పీథ్రెడ్ ఎట్‌ఫోర్క్. కాని ఇతరులు రాసిన భాగాలలో ఏ తాళాలున్నాయో మనకేం తెలుసు? నాకైతే అది నమ్మదగినదిగా తోచలేదు, ఆమెకూ తోచలేదు. పోసిక్స్ స్పాన్ అని ఒకే ఉత్తర్వు ఉంది. ఫలానా ప్రోగ్రామును ఫలానా ఫైళ్లతో మొదలుపెట్టు అంటే చాలు, మధ్యలో మన రాత ఏమీ ఉండదు. విండోసులో మొదటినుంచీ ఈ తరహాయే. లేదా ఏ థ్రెడ్డూ పుట్టకముందే ఒక సహాయకుణ్ణి విడిగా పెట్టుకుని, పిల్లలను పుట్టించే పని వాడికే అప్పగించాలి. పైథాన్ వారు 2023లో 3.12తో ఇలాంటి ఫోర్క్‌కు హెచ్చరిక పెట్టారు, 2025లో 3.14తో లినక్స్‌లో ఈ సహాయకుడి పద్ధతినే మామూలు చేశారు.

ఇంకొక సంగతి. తెరిచి ఉన్న ఫైళ్లు కూడా పిల్లకు సంక్రమిస్తాయి. ఒక పైపు రాసే కొనను సంబంధంలేని పిల్ల పట్టుకుని ఉంటే, చదివేవాడికి ముగింపు ఎప్పటికీ అందదు. అందుకని తెరిచేటప్పుడే క్లోజ్ ఆన్ ఎగ్జెక్ గుర్తు వేయాలి. తెరిచాక వేద్దామనుకుంటే ఆ సందులో ఇంకో థ్రెడ్ ఫోర్క్ చేసేయవచ్చు.

కనుమనాడు ఆమె పోసిక్స్ స్పాన్‌కు మార్చింది. సంజాయిషీ ముసాయిదా నేను దిద్దాను. ఇంగ్లీషు ఆమెదే, కామాలు నావి. ఆ తరువాత మళ్లీ ఆగలేదని మొన్న కూడా ఫోనులో చెప్పింది. 1985లో నేనిచ్చిన సంజాయిషీ మీద ఏమి ఉత్తర్వు వేశారో నాకు ఈనాటికీ తెలియదు.

భోజనాలకు పిలుస్తున్నారు. సెలవు.