సెట్టింగ్స్ తెరిస్తే మూసుకుపోతుంటే

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో పింఛను అనేది దయాదాక్షిణ్యం కాదని తీర్పు చెప్పబట్టి యేటా ఈ రోజున మనం ఇలా కలుసుకుంటున్నాము. ఆ తీర్పు గురించి మాట్లాడదగిన పెద్దలు ఈ వేదిక మీదనే ఉన్నారు. నాకు కార్యదర్శిగారు అప్పగించినది చిన్న పని. "మీ ఇంటి కంప్యూటరు మొరాయించినప్పుడు మీరు పడిన తిప్పలు చెప్పండి, పదిమందికి ఉపయోగపడుతుంది" అన్నారు. నేను కంప్యూటరు చదువు చదివినవాణ్ణి కాను. ఇరిగేషనులో వర్క్ ఇన్‌స్పెక్టరుగా కాలువ గట్ల మీద ముప్ఫయ్యేళ్ళు తిరిగినవాణ్ణి. తప్పులు దొర్లితే మన్నించాలి.

మాది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు మా వీధిలోకి ఎట్లా వచ్చిందో మీలో చాలామందికి నేను చెప్పనక్కరలేదు. మా అబ్బాయి కంప్యూటరు పెట్టెను పై వాటాలోకి చేర్చాడు గనుక అది బతికింది. యు.పి.ఎస్. కింద ఉండిపోయి నీళ్ళలో మునిగింది. బీరువా కింది అరలోని పి.పి.ఓ. కాగితం, బాండ్లు, మా ఆవిడ ఆపరేషను బిల్లులు నాని ముద్దయిపోయినవి. అదృష్టం కొద్దీ అంతకు రెండేళ్ళ ముందు మా మనవరాలు వాటన్నిటినీ స్కాన్ చేసి కంప్యూటరులో పెట్టింది. అంటే వరద తరువాత నా కాగితాలన్నిటికీ మిగిలిన ప్రతి ఆ పెట్టెలోనే ఉన్నదన్నమాట.

నీళ్ళు తీసిన తరువాత ఇంటికి సున్నం వేయించాను, మంచాలు కొన్నాను. యు.పి.ఎస్. కొనలేదు. అది నా తప్పు. నవంబరులో ఒకరోజు "అప్‌డేట్ జరుగుతున్నది, కంప్యూటరు ఆపవద్దు" అని తెర మీద రాసి ఉండగా కరెంటు పోయింది. మళ్ళీ వచ్చాక కంప్యూటరు మామూలుగానే తెరుచుకున్నది. జీవన్ ప్రమాణ్ కోసం వేలిముద్రల పరికరం తగిలించి, అది పట్టుకున్నదో లేదో చూద్దామని సెట్టింగ్స్ నొక్కాను. కిటికీ ఒక్క క్షణం తెరుచుకుని దానంతటదే మూసుకుపోయింది. పదిసార్లు నొక్కితే పదిసార్లూ అంతే.

ఇక్కడ నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, దీని కోసమే ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాను. ఫోనులో వెతికి, అన్నిటికన్నా పైన కనబడిన సహాయ కేంద్రం నంబరుకు ఫోను చేశాను. ఆ పైన వచ్చేవి చాలావరకు డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటనలని అప్పటికి నాకు తెలియదు. అవతల మనిషి ఎంతో మర్యాదగా మాట్లాడాడు, ప్రతి మాటకూ ముందు "సార్" అన్నాడు. తన తెర మీద నుంచి నా కంప్యూటరును నడిపే ప్రోగ్రాము ఒకటి నా చేతనే ఎక్కించుకున్నాడు. ఈవెంట్ వ్యూయర్ అనేది తెరిచి వరసగా ఎర్ర గుర్తులు చూపించాడు. "హ్యాకర్లు మీ పింఛను ఖాతా దాకా వచ్చేశారు సార్, వెంటనే బ్యాంకు పేజీ తెరవండి" అన్నాడు. నేను తెరవబోతున్నాను. కాఫీ పట్టుకొచ్చిన మా ఆవిడ అడిగింది: "మీరు ఫోను చేసింది కంప్యూటరు గురించి కదండీ, మధ్యలో బ్యాంకు ఎందుకు?"

ఇంటర్నెట్ తీగ పీకేశాను. బ్యాంకుకు ఫోను చేసి ఖాతాలో లావాదేవీలు ఆపించాను. పాస్‌వర్డ్ వేరే ఫోను నుంచి మార్చాను. డబ్బు పోలేదు. పోయి ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయవలసినది. అది కేంద్ర ప్రభుత్వపు సైబరు నేరాల సహాయ సంఖ్య. తరువాత తెలిసినదేమంటే, ఆ ఈవెంట్ వ్యూయర్‌లో ఎర్ర గుర్తులు ఆరోగ్యంగా ఉన్న కంప్యూటరులో కూడా ఉంటాయి. మన రక్తపరీక్ష కాగితంలో ఏదో ఒక అంకె కింద గీత ఉన్నట్టే. ఇంకొకటి. విండోస్ తయారుచేసిన మైక్రోసాఫ్ట్ వారి హెచ్చరికలలో ఫోను నంబరు ఎన్నడూ ఉండదని వారే చెబుతారు. తెర మీద హెచ్చరికలో నంబరు కనిపించినదంటే అది దొంగదే.

మరునాడు పెట్టెను రిపేరు దుకాణానికి తీసుకుపోయాను. కుర్రవాడు అటూ ఇటూ చూసి "ఫార్మాట్ కొట్టేద్దాం తాతగారూ, కొత్తదానిలా అయిపోతుంది" అన్నాడు. లోపలి కాగితాలు ఏమవుతాయంటే, "అన్నీ పోతాయి కదా మరి" అన్నాడు. పెట్టె చంకన పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

ఇక మరమ్మతు సంగతి. శివారు రైతు నీళ్ళు రాలేదని వస్తే మేము వెంటనే బ్యారేజీని తప్పుపట్టేవాళ్ళం కాదు. ముందు పక్క చేనుకు వచ్చినవా అని అడిగేవాళ్ళం. పక్క చేను తడిసి ఉంటే ఇతని బోదె పూడినట్టు. పక్క చేను కూడా ఎండి ఉంటే పైన కాలువలోనో, లాకుల దగ్గరో చూడాలి. హైదరాబాదులో ఉన్న మా మనవరాలు ఫోనులో చెబుతుంటే, నేను చేసినది అచ్చంగా అదే.

అన్నిటికన్నా ముందు కాగితాలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. సెట్టింగ్స్ తెరుచుకోకపోయినా ఫైళ్ళు మామూలుగానే తెరుచుకుంటాయి. ఆ పని అయ్యేవరకు మరమ్మతు జోలికి పోవద్దని మా మనవరాలు మూడుసార్లు చెప్పింది.

తరువాత రీస్టార్ట్. "నేను రాత్రే ఆపి పొద్దున వేశాను కదమ్మా" అంటే ఒప్పుకోలేదు. షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ త్వరగా లేవడం కోసం లోపలి స్థితిని కొంత దాచుకుని, మళ్ళీ వేసినప్పుడు దాన్నే వాడుకుంటుందట. రీస్టార్ట్ అంటేనే అంతా కొత్తగా మొదలవుతుంది. చాలామందికి ఇక్కడితోనే బాగుపడుతుందని చెప్పింది. నాకు బాగుపడలేదు.

సెట్టింగ్స్‌ను మొదటి స్థితికి తెచ్చే రీసెట్ మీట ఒకటి ఉన్నది. కాని అది ఉన్నది సెట్టింగ్స్ లోపలే! బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టినట్టు. అయితే పాత దారి ఒకటి ఉన్నది, కంట్రోల్ ప్యానెల్. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో కంట్రోల్ అని ఇంగ్లీషులో రాసి ఎంటర్ నొక్కితే తెరుచుకుంటుంది. ఆ దొంగ ఎక్కించిన ప్రోగ్రామును అక్కడి నుంచే తీసివేశాను.

ఇక పక్క చేను పరీక్ష. అదే చిన్న పెట్టెలో ఎన్, ఇ, టి, పి, ఎల్, డబ్ల్యు, ఐ, జడ్ అని రాస్తే కొత్త వాడుకరి ఖాతా పెట్టుకోవచ్చు. మా ఆవిడ పేరుతో పెట్టి అందులోనుంచి సెట్టింగ్స్ తెరిచాను. ఆమెకు తెరుచుకుని ఉంటే లోపం నా ఖాతాలో ఉన్నట్టు. ఫైళ్ళు కొత్త ఖాతాలోకి మార్చుకుంటే సరిపోయేది. ఆమెకూ మూసుకుపోయింది. కాబట్టి లోపం పైన, విండోస్ సొంత ఫైళ్ళలోనే ఉన్నది. కరెంటు పోయినప్పుడు సగంలో ఆగినది కూడా వాటి పనే కదా.

దానికి రెండు ఆజ్ఞలు ఉన్నవి. కమాండ్ ప్రాంప్ట్ మీద కుడి మీట నొక్కి అడ్మినిస్ట్రేటరుగా తెరవాలి. మొదటిది డిఐఎస్ఎం. పాడైన భాగాలకు బదులు మంచివాటిని ఇంటర్నెట్ ద్వారా తెచ్చి నిల్వ పెడుతుంది. రెండవది ఎస్ఎఫ్‌సి. ప్రతి విండోస్ ఫైలునూ చూసి, చెడినదాని చోట మంచిదాన్ని పెడుతుంది. మధ్యలో అంకె చాలాసేపు కదలదు, చెడిపోయిందనుకుని ఆపకూడదు. నాకు రెండూ కలిపి దాదాపు గంట పట్టింది. పాడైన ఫైళ్ళు దొరికినవి, బాగుచేయబడినవి అని తెర మీద వచ్చింది. రీస్టార్ట్ చేసి సెట్టింగ్స్ నొక్కాను. తెరుచుకున్నది, నిలబడ్డది. మా ఆవిడను పిలిచి చూపించాను.

పెద్దవాళ్ళకే తప్పలేదు ఈ బాధ. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క లోపభూయిష్టమైన అప్‌డేట్ వలన ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయినవి. మన విమానాశ్రయాలలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు.

ఇంతా చేసి నాకు తెలిసినదేమంటే, జీవన్ ప్రమాణ్‌కు ఆ కంప్యూటరే అక్కరలేదు. 2021 నుంచి ఆండ్రాయిడ్ ఫోనులో ముఖం చూపించి ఇవ్వవచ్చు. పోస్ట్‌మన్ ఇంటికి వచ్చి కూడా చేసిపెడతాడు. తొందర పడవలసిన పనే లేని చోట తొందరపడి ఖాతా దొంగకు చూపబోయాను.

కొత్త యు.పి.ఎస్. కొన్నాను. నా కంప్యూటరులో ఉన్నది విండోస్ 10. దానికి 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది. నా పాత పెట్టె 11కు పనికిరాదు. అందుచేత బ్యాంకు పని దానిమీద చేయడం మానుకున్నాను.

ఆ రెండు ఆజ్ఞలు నోటితో చెబితే అక్షరం తప్పిపోతుంది. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించి ప్రతులు తెచ్చాను, కోశాధికారిగారి దగ్గర ఉన్నవి. వచ్చే బుధవారం పదిన్నరకు మన సంఘం ఆఫీసులో కూర్చుంటాను. ఇదే బాధ ఉన్నవారు రావచ్చు. వచ్చేటప్పుడు ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి తెచ్చుకోండి.