నీడ ఏ ఊరిది?

(స్మారకోపన్యాసం, మక్తల్)

నీడగడియారం ఏ ఊరి కోసం చేసిందో దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. బల్లపరుపు ఫలకం మీద ఏటవాలుగా నిలిచే శంకువు అంచు భూమి అక్షానికి సమాంతరంగా ఉండాలి. కాబట్టి ఫలకంతో ఆ అంచు చేసే కోణమే ఆ ఊరి అక్షాంశం. అంచు విరిగిపోయినా గంటల గీతలు సాక్ష్యమిస్తాయి. 12 గంటల గీతకూ 3 గంటల గీతకూ మధ్య కోణం అన్నవరంలో సుమారు 16.5 డిగ్రీలైతే, లండన్‌లో 38 డిగ్రీలు. ఆ కోణపు టాంజెంటు అక్షాంశపు సైనుకు సమానం.

మన సిద్ధాంతులు ఇదే లెక్కను నిటారు శంకువుతో కట్టారు. విషువద్దినాన మిట్టమధ్యాహ్నం 12 అంగుళాల శంకువు వేసే నీడ పలభ. మక్తల్‌లో అది మూడున్నర అంగుళాలు. దిక్కు తేల్చే పద్ధతి సూర్యసిద్ధాంతం త్రిప్రశ్నాధికారంలో ఉంది. శంకువు చుట్టూ వృత్తం గీసి, నీడ కొన పొద్దున లోపలికి వచ్చిన చోటు, సాయంత్రం బయటికి పోయిన చోటు గుర్తిస్తారు. ఆ రెండింటినీ కలిపిన గీత తూర్పు పడమరలను చూపుతుంది.

అన్నవరం కొండ మీది నీడగడియారాన్ని 1943లో పిడపర్తి కృష్ణమూర్తి శాస్త్రి నిర్మించారు. ఆ ఊరు దేశ ప్రామాణిక కాలరేఖకు, అంటే 82.5 డిగ్రీల రేఖాంశానికి, దాదాపు ఆనుకునే ఉంది. మక్తల్‌లో మాత్రం సూర్యుడి మధ్యాహ్నం సుమారు 20 నిమిషాలు ఆలస్యం.

మక్తల్‌కు దగ్గర్లో, కృష్ణ ఒడ్డున ముడుమాల్‌లో ఇంతకన్నా పాత సాక్ష్యం ఉంది. అక్కడి నిలువురాళ్ళు 3,500 ఏళ్ళ నాటివని అంచనా. వాటి వరుసలు అయనాంతాల ఉదయాస్తమయాలకు సరిపోతాయని, ఒక బండ మీది గుంటలు సప్తర్షి మండలమని హైదరాబాద్ విశ్వవిద్యాలయపు కె.పి. రావు గుర్తించారు. 2025లో ఈ స్థలం యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది.

ఈ అక్షాంశంలో జూన్ అయనాంతాన సూర్యుడు తూర్పుకు 24.5 డిగ్రీలు ఉత్తరంగా ఉదయిస్తాడు. 3,500 ఏళ్ళలో ఆ చోటు జరిగింది అర డిగ్రీకి లోపే, సూర్యబింబం వెడల్పు కన్నా తక్కువ. అందుకే ఆ వరుసలు నేటికీ పొద్దును పట్టుకుంటాయి. 12 అడుగుల రాయి నీడ డిసెంబరు అయనాంతపు మధ్యాహ్నం ఉత్తరానికి 10 అడుగులు సాగుతుంది. జూన్‌లో దక్షిణానికి తిరిగి అడుగున్నర పడుతుంది. మే 5, ఆగస్టు 7 ప్రాంతాల్లో నడినెత్తి పొద్దుకు నీడే ఉండదు.

నీడగడియారాన్ని ఎక్కడికి తీసుకుపోయినా దాని అక్షాంశం దానితోనే వస్తుంది. ముడుమాల్ రాళ్ళ సంగతి వేరు. అక్కడి లెక్క ఏ ఒక్క రాతిలోనూ లేదు, రాతికీ రాతికీ మధ్య దూరంలో, దిక్కులో ఉంది. ఒక రాయి పక్కకు జరిగినా ఆ వరుస చూపే దిక్కు మళ్ళీ దొరకదు. ఆ రాళ్ళు నిలిచిన చోటనే నిలవాలి.