మెరుపా, మెరికయా?

శ్రీరాంపూర్ బొగ్గుగనులలో మొదటి షిఫ్టు మధ్యాహ్నము మూడు గంటలకు ముగియును. బాయి నుండి ఇల్లు చేరిన తండ్రులు సాయంకాలము మైదానపు గట్టున నిలిచి పిల్లల ఆట చూచుచుందురు. అట్టి తండ్రి యొకరు తన పదునేడేండ్ల కుమారుని చూపి మమ్ము అడిగిరి: “పోరడు హాకీల ఫార్వర్డు, సార్. నలుగురిని దాటి గోలు కొడుతుండు. పెద్ద ఆటగాడైతడా? కాడంటే ఇప్పుడే ఐ.టి.ఐ.ల చేర్పిస్త.”

ప్రశ్న చిన్నది. జవాబు తప్పినచో పోవునది మాత్రము ఒక బాలుని విలువైన సంవత్సరములు, ఒక కుటుంబపు ఆశ.

పువ్వు పుట్టగనే పరిమళించునని సామెత. పరిమళము నిజమే, కాని కాయ పండునా లేదా యనునది పరిమళమును బట్టి తేలదు. పదునేడేండ్ల ఫార్వర్డునందు మొదట కన్నుల బడునవి వేగము, కర్ర నేర్పు. తోటివారికంటె ముందుగా ఒళ్లు ఎదిగిన బాలునికి ఇవి కొంతకాలము అక్కరకు వచ్చును. తక్కినవారు ఎదిగిన వెంటనే ఆ ఆధిక్యము కరగిపోవును. కావున మనము చూడవలసినవి వేరు.

బంతి తన్ను చేరకముందే అతడు తల యెత్తి నలువైపుల చూచుచున్నాడా? బంతి పోయిన పిమ్మట నడుము మీద చేతులుంచి నిలుచునా, వెనుదిరిగి వెంబడించునా? హాకీకర్రకు ఒక వైపే చదును. ఎడమ వైపు వచ్చిన బంతికి కర్రను త్రిప్పి పట్టవలెను. ఆ లోపమును తెలిసికొని, ఎవరును చూడనప్పుడు ఒంటరిగా సాధన చేయుచున్నాడా? గోలు తప్పిన మరునాడు మైదానమునకు ఎన్ని గంటలకు వచ్చినాడు? మా దృష్టిలో నలుగురిని దాటుటకంటె ఈ నాలుగును ముఖ్యము.

ఇన్ని చూచినను పెద్దలు పొరబడకపోరు. 1948 లండను ఒలింపిక్సులో బల్బీర్ సింగ్ తాను ఆడిన తొలి ఆటయందే అర్జెంటీనాపై ఆరు గోలులు చేసెను. అయినను తరువాతి ఆటలలో అతనికి జట్టున చోటు దొరకలేదు. ఫైనలులో మరల దిగి బ్రిటనుపై రెండు గోలులు చేసెను. 1952 హెల్సింకి ఫైనలులో నెదర్లాండ్సుపై మన జట్టు చేసిన ఆరు గోలులలో అయిదు అతనివే. గట్టున కూర్చుండబెట్టిన దినములలో అతడు కర్ర పారవేసియున్నచో ఈ కథయే లేదు.

పైకి వచ్చుట యనగా నేమియో కూడ తేల్చుకొనవలెను. హైదరాబాదు బిడ్డ ముఖేశ్ కుమార్ 1992, 1996, 2000 సంవత్సరములలో మూడు ఒలింపిక్సులందు భారతజట్టు ఫార్వర్డుగా ఆడెను. 1995లో అర్జున పురస్కారము, 2003లో పద్మశ్రీ పొందెను. ఆ మూడు ఒలింపిక్సులలోను మన జట్టునకు పతకము దక్కలేదు. అంతమాత్రమున అతడు తన శక్తికి తగిన మెట్టు ఎక్కలేదని ఎవరనగలరు? పతకము పదునొకండుగురి లెక్క. ఆటగాని ఎదుగుదల అతని సొంత లెక్క.

ఇక మైదానము మాట. 1976 మాంట్రియల్ నుండి ఒలింపిక్సులలో హాకీ కృత్రిమ పచ్చికపై సాగుచున్నది. దానిపై బంతి ఎగుడుదిగుడు లేక రివ్వున వచ్చును. మట్టినేలపై బంతి ఎప్పుడు ఎగురునో తెలియదు గనుక, బాలుడు తల వంచి బంతినే చూచుట అలవరచుకొనును. 1990ల దశకములో ఆఫ్‌సైడు నియమము తొలగినది మొదలు ఫార్వర్డు సంచరింపదగిన చోటు పెరిగినది. తల యెత్తి చూడవలసిన అవసరమును పెరిగినది. కావున మట్టిపై తల వంచిన బాలుని చూచి, వీనికి చూపు లేదనుట తొందరపాటు. తగిన నేలపై కొన్ని నెలలు ఆడనిచ్చి, ఆ పిమ్మట తూచుట న్యాయము. అనగా తీర్పులో సగము బాలునిది, సగము అవకాశమిచ్చు మనది.

గనిలో సర్దారు కర్రతో పైకప్పును తట్టి చూచును. ఖంగున మ్రోగినచో గట్టి. బోలుగా మ్రోగినచో అపాయము. నిన్న గట్టిగా మ్రోగినదని నేడు తట్టక ఎవ్వరును లోనికి పోరు. ప్రతి షిఫ్టుకును పరీక్ష క్రొత్తదే. ఎదుగుచున్న ఆటగానిని గూర్చిన తీర్పును ఇట్టిదే. ఒక్కసారి తట్టి జీవితకాలపు మాట చెప్పరాదు.

ఆ తండ్రికి మేమిచ్చిన జవాబు ఇది: “ఐ.టి.ఐ.లో చేర్పింపుడు. కర్రను మాత్రము అటుక ఎక్కింపకుడు. ఏడాది పాటు గోలులు లెక్కింపక, గోలు తప్పిన మరునాడు పిల్లవాడు ఏమి చేయుచున్నాడో చూడుడు. ఏడాది గడచిన పిమ్మట మరల తట్టి చూతము.”