ఈలపాట రఘురామయ్యగారు
(వార్షిక మహాసభ, రెండవనాఁటి ప్రసంగము)

  

విద్యనుగూర్చియు, వివాహవ్యయములనుగూర్చియు పెద్దలు ప్రసంగించిన పిదప ఒక నాటకగాయకునిగూర్చి మాటాడుటకు కార్యదర్శిగారు నా కనుజ్ఞ యొసంగిరి. నేను సంస్కృతము చదివినవాఁడను. ముప్పదియేండ్లకుపైగా పిల్లలచేత శబ్దమంజరి వల్లెవేయించినవాఁడను. పంతులుగారికి నాటకములతో నేమి పని యని కొందఱు నవ్వుకొనవచ్చును. ఇందు నేను తీర్చుకొనవలసిన ఋణ మొకటి యున్నది. అది యేమో ముందు విన్నవించెదను.

రఘురామయ్యగారి అసలు పేరు కల్యాణం వేంకటసుబ్బయ్య. 1901వ సంవత్సరము మార్చి 5వ తేదీన గుంటూరు మండలమునందలి సుద్దపల్లిలో జన్మించిరి. బాల్యమున రామదాసు నాటకములో రఘురాముని వేషము ధరింపఁగా, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మెచ్చుకొని రఘురామయ్య యని పిలిచిరి. తల్లిదండ్రులు పెట్టిన పేరు మరుగునఁబడి, వేషము పెట్టిన పేరే నిలిచినది. పిమ్మట లోకమే దానికి ముందు ‘ఈలపాట’ యను బిరుదును చేర్చినది.

ఆ కాలపు నాటక మెట్టిదో నేఁటి యువకులకు కొంచెము చెప్పవలసియున్నది. నాఁడు మైకు లేదు. తాటాకుపందిరి, పెట్రోమాక్సు దీపములు, ఒక హార్మోనియము, తెల్లవాఱువఱకు కదలని జనము. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగవిజయములలోని పద్యములు అక్షరము రానివారికిఁగూడ కంఠస్థములు. తరువాత కాంట్రాక్టు నాటకములు వచ్చినవి. ప్రసిద్ధనటుల నొక్కొక్కరిని ఒక్కొక్క యూరినుండి పిలిపించి ఒక్కరాత్రికి కూర్చెడివారు. ఒకే నాటకమున ఇద్దఱు ముగ్గురు కృష్ణులుండుటయుఁ గలదు! పద్యము ముగిసినపిదప చివరి యక్షరముపై రాగము సాగుచుండఁగా ‘వన్స్ మోర్’ అను కేకలు లేచును. నటుఁడు పద్యమును మొదటినుండి మరల నెత్తుకొనును. రాయబారమునకు వచ్చిన కృష్ణుఁడు కౌరవసభలో అట్లే నిలిచియుండును.

పండితులు దీనిని నిందించిరి, నేనును నిందించితిని. వాచికము నాట్యమునకు శరీరమని భరతముని చెప్పఁగా, రాగముచేత మాటను ముంచివేయుట యెట్టి నాట్యమని నా వాదము. ఆ వాదమును పూర్తిగా విడువను. రాగమునకై పద్యమును వధించిన గాయకులు కొల్లలు. కాని రఘురామయ్యగారి పాట వినిన పిదప నాకు తోఁచిన దేమనఁగా, ఆయన మొదట మాటను శ్రోత చేతఁబెట్టి, అది చేరినపిదపనే రాగమునకు పోవును. ఆయనను రంగస్థలముపైఁ జూచు భాగ్యము నాకు లభింపలేదు. నాకు తొమ్మిదేండ్ల ప్రాయమున కోరుట్లలో టూరింగు టాకీసు గుడారమున, మా తండ్రిగారి ప్రక్కను ఇసుకపైఁ గూర్చుండి, 1960లో వెలువడిన శ్రీకృష్ణరాయబారము చిత్రమును జూచితిని. పిదప రేడియోలో వింటిని. అంతే.

చిత్రరంగమునకు ఆయన వచ్చిన త్రోవయు చెప్పఁదగినది. తెలుఁగున తొలి మాటలచిత్రము భక్తప్రహ్లాద 1932 ఫిబ్రవరి 6న విడుదలయ్యెను. మఱుసటి యేఁడే, 1933లో, పృథ్వీపుత్రతో రఘురామయ్యగారు చిత్రములలోఁ బ్రవేశించిరి. నాఁడు నటించువాఁడే పాడవలెను. కనుక నాటకములవారికి పెద్దపీట. సి. పుల్లయ్యగారు తీసిన గొల్లభామలో, 1947లో, కృష్ణవేణి సరసన ఆయనయే నాయకుఁడు. అయితే వేయియడుగుల ఫిలిముచుట్ట పదునొకండు నిమిషములకే సరిపోవును. పందిరిక్రింద ఒక్క పద్యమునకు పట్టిన సమయము అక్కడ చెల్లదు. తరువాత నేపథ్యగానము స్థిరపడఁగా, ముఖ మొకరిది, గొంతు వేఱొకరిది యయ్యెను. మహారాష్ట్రమున బాలగంధర్వుఁడు 1935లో ధర్మాత్మ చిత్రమునందు నటించియు నాటకమునకే మరలిపోయెను. రఘురామయ్యగారు రెంటిని విడువలేదు. కాని ఆయన యిల్లు రంగస్థలమే.

ఇఁక ఈల. నోట వ్రేలిడి, కృష్ణుఁడు వేణువూఁదినట్లు, ఆయన రాగములను ఈలతో పలికించెడివారు. మన యిండ్లలో ఈల వేసిన పాములు వచ్చునని అవ్వలు కసరుదురు; వీధిలో వేసిన పోకిరి యందురు; బడిలో వేసిన దెబ్బలు. మాట లేని ఈ ధ్వనిని చతుర్విధాభినయములలో దేనియందుఁ జేర్చవలెనో నేను పలుమాఱు తర్కించుకొంటిని. తేలలేదు.

సిరిసిల్లలో నేను పనిచేయునాఁడు, రఘువంశము చెప్పుచుండఁగా వెనుక బల్లనుండి ఈల వినవచ్చినది. ఆ బాలుని పిలిచి అరచేతులు కందునట్లు కొట్టితిని. వాఁడు ఏడువలేదు. “ఈల గాదు సారూ, పద్యం. మా తాత నేర్పిండు” అనెను. మఱి రెండు దెబ్బలు వేసితిని. కొన్నాళ్లకు వాని యింటికి పోవలసివచ్చినది. ఇరుకుగదిలో నాలుగు సాంచెలు ఆడుచున్నవి. ప్రక్కవాని కేక వినఁబడదు. ఆ రొదలో వృద్ధుఁ డొకఁడు తెగిన పోగును ముడివేయుచు రాయబారపద్యము ఈలతో పాడుచున్నాఁడు; అది మాత్రము స్పష్టముగా వినఁబడుచున్నది. గొంతు లొంగిపోయిన రొదను ఈల చీల్చుకొనిపోవును. మైకులేని పందిరిలో కడపటి వరుసవానికి రఘురామయ్యగారి వేణువెట్లు చేరెనో నాకు అచ్చట తెలిసినది. బాలుఁడు నాకు నీళ్లు తెచ్చియిచ్చెను. నేను క్షమాపణ చెప్పలేదు. వాఁడు మరల బడిలో ఈల వేయలేదు, పద్యమును చదువలేదు.

రఘురామయ్యగారికి 1973లో సంగీతనాటక అకాడమీ పురస్కారము లభించెను. పద్మశ్రీ 1975లో వచ్చెను; ఆ యేఁటనే ఫిబ్రవరి 24న వారు దివంగతులైరి. డెబ్బదినాలుగేండ్లు నిండుటకు తొమ్మిదిదినములు తక్కువ. గౌరవము వచ్చెను గాని, అనుభవించుటకు వ్యవధి లేకపోయెను.

పోషకులారా! ధర్మపురి శేషప్పకవి నరసింహశతకమును ఊయలలో విని పెరిగిన సీమ మనది. నేఁడు మన వసతిగృహమున ఒక పద్యమును గొంతెత్తి చదువఁగల బాలురు వ్రేళ్లపై లెక్కింపఁదగినవారు. వచ్చు మహాసభలో బాలబాలికలకు పద్యపఠనపు పోటీ పెట్టింపుఁడు. బహుమతికి వెండిపతకము నా పింఛనునుండి నే నిచ్చెదను. నాఁటి బాలుఁడు నేఁడు నడివయస్సువాఁడై ఈ సభలోనే యున్నాఁడు. పేరు చెప్పి సిగ్గుపఱుపను. పోటీకి ఆతఁడే న్యాయనిర్ణేతగా నుండవలెనని కోరుచున్నాను. పతకమునకు నా నియమ మొక్కటియే: పద్యమును ఈలతో పాడువారికిఁగూడ అందు ప్రవేశ ముండవలెను.